మూడంగుళముల మహారాజు

ఈజిప్టు దేశమున గీజా యొద్ద ఒక మహా పిరమిడ్ కలదు. కట్టిన నాడు దాని యెత్తు సుమారు 146 మీటర్లు. నేటికి 4,500 ఏండ్లకు పూర్వము ఖుఫు అను రాజు దానిని కట్టించెను. కొండవంటి కట్టడమును నిలిపిన ఆ ప్రభువు రూపమెట్టిదో తెలుపు శిల్పములలో పూర్తిగా దొరకినది ఒక్కటే. అది దంతముతో చెక్కిన బొమ్మ. దాని యెత్తు 7.5 సెంటీమీటర్లు మాత్రమే! సిరిసిల్ల నేతగాని చేతిలోని నాడెకంటెను అది చిన్నది.

1903లో అబైడాస్ అను చోట ఫ్లిండర్స్ పెట్రీ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు త్రవ్వకములు జరిపించుచుండగా తల లేని దంతపు బొమ్మ యొకటి బయటపడెను. అది సింహాసనముపై కూర్చున్న రాజు బొమ్మ. సింహాసనముమీది అక్షరములను చదివి, అది ఖుఫు ప్రతిమ యని పెట్రీ గుర్తించెను. తల ఆ మట్టిలోనే యుండవలెనని తలంచి, త్రవ్విపోసిన మట్టినెల్ల జల్లెడ పట్టించెను. కోరుట్ల రైతు మట్టిబెడ్డలనుండి గింజలను వేరుచేయునట్లు పనివారు పిడికెడు పిడికెడుగ వెదకిరి. ఒక వారము గడచెను. రెండు వారములు గడచెను. మూడు వారములకు కిరీటముతో కూడిన ఆ తల దొరకెను. ఈ బొమ్మ ఖుఫు కాలము నాటిది కాదనియు, తరువాతి వారు చెక్కినదనియు తలంచు పండితులును కలరు. ఐనను దానిపై నున్న పేరు మాత్రము ఖుఫుదే.

ఖుఫునకు ఎంతో పూర్వమే ఆ దేశపు శిల్పులు దంతము చెక్కుటలో ఆరితేరిరి. డెన్ అను రాజు సమాధిలో ఒక చిన్న దంతపు బిళ్ల దొరకెను. దానికి ఒక వైపున శత్రువును కొట్టుచున్న రాజు, రెండవ వైపున చెప్పుల జత చెక్కబడియున్నవి. అది రాజుగారి పాదరక్షలకు కట్టిన చీటి! సుమారు 5,000 ఏండ్లు గడచినను చీటి నిలిచినది. చెప్పులు మట్టిలో కలసిపోయినవి.

ఇట్టి వింతలు పరదేశపు మట్టిలోనే కలవని తలంపరాదు. జగిత్యాల జిల్లాలో గోదావరి యొడ్డున కోటిలింగాల అను గ్రామము కలదు. అచ్చట దంతపు బొమ్మలకు బదులు చిన్న చిన్న నాణెములు పలికినవి. వానిపై గోబద, నారన, సమగోప అను రాజుల పేళ్లు కలవు. శాతవాహన వంశమునకు మూలపురుషుడని చెప్పబడు సిముకుని పేరును కలదు. గోబదాదుల పేళ్లను లోకమునకు తెలిపినవి ఆ నాణెములే.

బాలబాలికలారా! పొలము దున్నునప్పుడో, చెఱువు మట్టి త్రవ్వునప్పుడో చెక్కడము గల పెంకు గాని, అక్షరములు గల బిళ్ల గాని మీకు కనబడవచ్చును. మెఱుగుకొఱకు దానిని చింతపండుతో తోమకుడు, ఆటకై విరుగగొట్టకుడు, అమ్ముకొనకుడు. అది ఎచ్చట, ఎంత లోతున దొరకెనో గుర్తుంచుకొని మీ ఉపాధ్యాయునకు చూపుడు. దొరకిన చోటు తెలియని వస్తువు సగము మూగది. పెట్రీ మూడు వారములు ఓపిక పట్టకున్నచో, అంతటి పిరమిడ్‌ను కట్టించిన రాజు మనకు తల లేనివాడుగనే మిగిలియుండును.