లంకల్లో తీతువు, మన భాషలో దాని పేరు



మేం నలుగురం చింతూరు, వీఆర్‌పురం వైపు వాళ్ళం. పి.గన్నవరంలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాం. మా ఇళ్ళల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు.

పాఠంలో అమెరికా ప్రేరీ గడ్డిభూముల గురించి చదివాం. బైసన్లు, ప్రేరీ కుక్కలు, అన్నీ పరీక్షలో రాసేశాం. ఇక్కడ అక్విడక్టు మీద నించుంటే కింద వైనతేయ పాయ, లంకల్లో మనిషెత్తు రెల్లు. ఇదీ గడ్డిభూమే కదా అనిపించింది. ఉగాది వెళ్ళాక ప్రతి ఆదివారం నోట్‌బుక్ పట్టుకుని రేవు దాటాం.

నక్క కనపడలేదు, ఇసుకలో అడుగులే. వానలు మొదలయ్యాక ఈత చెట్లకి గిజిగాడి గూళ్ళు. అల్లేది మగపిట్టేనట.

ఎక్కువసేపు చూసింది మాత్రం తీతువుని. గూడు లేదు ఏమీ లేదు, వట్టి నేల మీద నాలుగు గుడ్లు, అచ్చం మట్టిబెడ్డల్లా. ఎండ ముదిరితే పిట్ట నీటి దగ్గరికెళ్ళి పొట్ట తడుపుకుని వచ్చి మళ్ళీ కూర్చుంటోంది. ఎందుకో అర్థం కాలేదు. పడవ నడిపే తాతగారిని అడిగాం.

"గుడ్లు ఉడికిపోవా బాబూ? నీళ్ళు మోసుకెళ్తాది అది."

ఆ పుస్తకాల్లో ఈ ముక్క లేదు. దాని కూత చెడు శకునమని ఒక మామ్మ మమ్మల్ని కసిరింది. తాతగారు నవ్వి, "మీరు గుడ్ల దగ్గరికెళ్తే అరవదేంటండీ మరి" అన్నారు. మేం తాతగారి పక్షం.

ఎనభై ఆరు వరద గురించి కూడా చెప్పారు. ఒకే మెరక మీద మనుషులూ, గొడ్లూ, పాములూ. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకి వచ్చినప్పుడు మనవాళ్ళు గుట్టలెక్కారు కదా. మన ఇళ్ళు ముంచిన ఆ నీళ్ళే కిందికొచ్చి ఈయన రేవునీ ముంచాయి. అది చెప్పాక మా దగ్గర పడవ డబ్బులు తీసుకోవడం మానేశారు.

మే నెలలో ఒక ఆదివారం వెళ్తే గుడ్లున్న చోట ట్రాక్టర్ చక్రాల గాళ్ళు. ఇటుకబట్టీకి లంకమట్టి తవ్వుకుపోయారు. పిట్ట ఆ గొయ్యి చుట్టూ తిరుగుతోంది. తాతగారి కొడుకులిద్దరూ కువైట్‌లో ఉన్నారు. "ఇయ్యన్నీ నన్నెవరూ అడగలేదు బాబూ, మీరే" అన్నారు.

ఆ రాత్రి మాలో ఒకడు వాళ్ళ అవ్వకి ఫోన్ చేసి తీతువుని కోయలో ఏమంటారో అడిగాడు. పేరు చెప్పింది, అడగని మరో నాలుగు పిట్టల పేర్లూ చెప్పింది. వాళ్ళ ఊరు పోలవరం ముంపులో ఉంది. పునరావాస కాలనీకి ఇళ్ళ లెక్క రాసుకున్నారు గానీ పిట్టల లెక్క ఎవరు రాస్తారు?

మా నోట్‌బుక్‌లో ఇప్పుడు రెండు వరసలు. లంకవాళ్ళు చెప్పిన పేర్లు 23, మన భాషలో 9. దసరా సెలవులకి ఊరెళ్తున్నాం. మీరూ మీ అవ్వనో తాతనో అడిగి, పిట్ట పేరూ ఊరి పేరూ కలిపి పంపండి.