పరామర్శ

మా అమ్మవాళ్ళ వైపు ఒక లెక్క ఉంది. పెళ్ళికి రాకపోతే ఏదో పని పడి ఉంటుందిలే అని సరిపెట్టుకుంటారు. ఆసుపత్రిలో ఉన్నప్పుడు చూడ్డానికి రాకపోతే మాత్రం ఆ మాట పదేళ్ళయినా పోదు. మా తాతకు ఆపరేషన్ అయినప్పుడు ఎవరెవరు రాలేదో మా అవ్వ ఇప్పటికీ వేళ్ళు మడిచి చెప్తుంది. అలాంటి ఇంట్లో పుట్టిన నాకు, పోయిన జనవరిలో, వార్డు బయట నిలబడి చుట్టాలను వెనక్కి పంపే పని పడింది.

మా చిన్నమ్మది హిందూపురం. ఇంట్లోనే బ్లౌజులు కుడుతుంది. నవంబరు నుంచి నీరసం అంటూ ఉండింది, చిగుళ్ళలో రక్తం వచ్చింది, చేతుల మీద తగలకుండానే నల్లగా కమిలిన మచ్చలు. పరీక్ష చేస్తే బ్లడ్ క్యాన్సర్ అన్నారు. హిందూపురం వాళ్ళకి పెద్ద జబ్బంటే బెంగళూరే, రైలెక్కితే వంద కిలోమీటర్లు. కిద్వాయ్ క్యాన్సర్ ఆసుపత్రి 1973లో మొదలైంది. డైరీ సర్కిల్ దాటి ఆ ఆవరణలోకి అడుగుపెడితే కన్నడంతోపాటు మన అనంతపురం, చిత్తూరు తెలుగు కూడా చెవిన పడుతుంది. "యాడ్నుంచి వచ్చినారు?" అనే మాటతోనే అక్కడ స్నేహాలు మొదలవుతాయి.

మా ఇంట్లో నాన్న కన్నడం, అమ్మ తెలుగు. అందుకని నేను కాలేజీ అయ్యాక అక్కడికి పోయి, నర్సు కన్నడంలో చెప్పింది చిన్నమ్మకు తెలుగులో చెప్పేదాన్ని. మొదట్లో అంతే నా పని. కీమో ఇచ్చిన వారానికి ఆమె రక్తంలో తెల్లకణాలు పడిపోయాయి. అప్పట్నుంచి నర్సు నాకు ఎక్కువసార్లు చెప్పిన మాట ఒకటే: "ఒబ్బరే, కై తొళ్కొండు." ఒక్కరే, చేతులు కడుక్కుని.

మందు క్యాన్సర్ కణాలనే ఏరి చంపదు. వేగంగా పెరిగే కణాలన్నిటినీ కొడుతుంది. జుట్టు రాలేదీ, నోట్లో పుళ్ళు పడేదీ అందుకే. ఎముక మజ్జలో తెల్లకణాల తయారీ కూడా అలాగే ఆగిపోతుంది. అందులో న్యూట్రోఫిల్స్ అనేవి ముఖ్యం. మామూలుగా ఒక మైక్రోలీటరు రక్తంలో అవి 1500కి పైనే ఉంటాయి. 500 కంటే తగ్గితే ప్రమాదం. పదో రోజు చిన్నమ్మ కాగితంలో 180 అని ఉంది. చిన్నాయనకు ఇదంతా చెప్తే కాసేపు ఆలోచించి, "అంటే చేన్లో కాయ ఉంది, మంచె మీద కావలోడు లేడు, అంతే గదా" అన్నాడు. మా బయాలజీ పుస్తకంలో నాకు ఇంత బాగా అర్థం కాలేదు.

ఆ స్థితిలో జ్వరం 100.4 వచ్చినా పెద్ద విషయమే. మనకైతే ఒక మాత్ర వేసుకుని పడుకునే జ్వరం. ఆమెకైతే అర్ధరాత్రయినా వెంటనే రక్తం తీసి, సెలైన్లో యాంటీబయాటిక్ మొదలుపెట్టాల్సిన జ్వరం. పూలు లోపలికి వద్దన్నారు, వాటి తడిలో, నీళ్ళలో బ్యాక్టీరియా, బూజు ఉంటాయని. బయట కోసిన పండ్లు వద్దు, పచ్చి కూరలు వద్దు, అప్పుడే వండింది వేడిగా తినమన్నారు. (తిండి విషయంలో ఇంత కట్టడి అవసరమా అని డాక్టర్లలోనే వేరువేరు అభిప్రాయాలున్నాయట. మా అవ్వకు ఆ సంగతి చెప్పలేదు.) ఇంకో సంగతి విని నేను ఆశ్చర్యపోయాను. ఇలాంటి రోగులకు వచ్చే ఇన్ఫెక్షన్లు చాలావరకు వాళ్ళ సొంత ఒంట్లో, పేగుల్లో, చర్మం మీద ఉండే క్రిముల వల్లేనట. చిన్నమ్మ అది పట్టుకుని, "మరి మా అన్నను ఎందుకాపుతారు?" అని అడిగించింది. నర్సు కోపం తెచ్చుకోలేదు. లోపలున్నవాటిని బయటికి పంపలేం, బయటివాటిని ఆపగలం కదమ్మా అంది.

ఆ అన్న మా పెద్దమామ. ఉదయం రైలుకు బయల్దేరి వచ్చాడు. ఒక చేతిలో దానిమ్మకాయల సంచి, ఇంకో చేతిలో మల్లెపూలు, జేబులో కదిరి నరసింహస్వామి కుంకుమ పొట్లం. గొంతులో దగ్గు. నేను తలుపు దగ్గర అడ్డం నిలబడి, "వద్దు మామా, నీకు జలుబు చేసింది" అన్నాను. ఆయన నన్ను మొదటిసారి చూసినట్టు చూశాడు. "ఎత్తుకుని తిప్పిన చెల్లెలమ్మా అది. నా చేతుల్లో పెరిగింది. నా వల్ల దానికి చెడుపు జరుగుతుందా?"

ఆ ప్రశ్నకు ఏం చెప్పాలి? 1847లో వియన్నాలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు, కాన్పులు చేసే ముందు చేతులు కడుక్కోండి అని తోటి డాక్టర్లకు చెప్పాడు. కడుక్కున్న వార్డులో బాలింతల చావులు బాగా తగ్గాయి కూడా. అయినా చాలామంది ఒప్పుకోలేదు. మా చేతుల వల్ల రోగులు చస్తారా అన్నది వాళ్ళ బాధ. చదువుకున్న డాక్టర్లకే అంత రోషం వస్తే మా మామకు రాదా?

వరండా బెంచీ మీద కూర్చున్న అవ్వ అప్పుడు నోరు తెరిచింది. "రేయ్, నీకు ఆరేండ్లప్పుడు అమ్మవారు పోసింది, గుర్తుందా? వాకిట్లో వేపమండ కట్టి ఎవర్నన్నా గడప తొక్కనిచ్చినానా? మీ చిన్నాయన ఎండలో నడిచొచ్చి, అరుగు మీదనే కూర్చోని, నీళ్ళు తాగి పోయినాడు. అలిగినాడా? అప్పుడు లోపలిది బయటికి రాకూడదని. ఇప్పుడు బయటిది లోపలికి పోకూడదని. దీనికీ వేపమండ కట్టినారనుకో."

మామ మాట్లాడలేదు. కుంకుమ పొట్లం అవ్వ చేతిలో పెట్టి కిందికి దిగాడు. ఆవరణలో చెట్టు కింద నిలబడి వీడియో కాల్ చేశాడు. నేను సబ్బుతో చేతులు కడుక్కుని, మాస్కు కట్టుకుని, ఫోన్ తుడిచి లోపల పట్టుకున్నాను. గుండు మీద గుడ్డ కట్టుకున్న చెల్లెలిని చూసి ఆయన, "తిన్నావా?" అన్నాడు. "తిన్నా. నువ్వు?" అంది. వంద కిలోమీటర్లు వచ్చి ఆయన మాట్లాడింది దాదాపు అంతే. దానిమ్మకాయలు మేం తిన్నాం.

ఇంట్లో ఈ గొడవ చెప్తూ 'పరామర్శ' అన్నాను. నాన్న నవ్వారు. కన్నడంలో పరామర్శన గ్రంథ అంటే లైబ్రరీలో రిఫరెన్స్ పుస్తకం. హిందీలో పరామర్శ్ అంటే సలహా. సంస్కృతంలో ఆ ధాతువుకు అర్థం తాకడమని నిఘంటువులో చూశాను. తాకకూడని చోట ఆ మాటను వాడుతున్నాం మరి.

మామనైతే ఆపగలిగాం. చిన్నమ్మ కొడుకు సంగతి వేరే. వాడికి ఆరేళ్ళు. ఆదివారం తీసుకొస్తామన్నారు, దూరం నుంచైనా చూపిస్తామని. శుక్రవారం వాళ్ళ స్కూల్లో, వాడి బెంచీలోనే కూర్చునే పిల్లవాడికి చికెన్‌పాక్స్ అని ఫోనొచ్చింది. అది తగిలాక పొక్కులు రావడానికి 21 రోజుల దాకా పట్టొచ్చు. పొక్కులు కనబడక ముందే ఒకటి రెండు రోజులు ఎదుటివాళ్ళకు అంటుతుంది. తెల్లకణాలు లేని మనిషికి అది ప్రాణం మీదికి తెస్తుంది. ఈ మాట చిన్నమ్మకు నేనే చెప్పాను. ఆమె ఏడవలేదు. మాత్రల అట్ట వెనక 21 గీతలు గీయమని పెన్ను ఇచ్చింది. రోజుకొకటి కొట్టేసేది.

పదిహేనో గీత రోజు వాడికి వీపు మీద మూడు పొక్కులు లేచాయి. ఆ ఆదివారం వాడు వచ్చి ఉంటే అన్న మాట మా ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. అవ్వ, "నాకు చిన్నప్పుడే పోసింది, నాకేం కాదు" అంటూ సాయంత్రం రైలుకే హిందూపురం వెళ్ళింది. వాకిట్లో వేపమండ కట్టి ఫోటో పంపించమంది. చిన్నమ్మ ఆ ఫోటోను చాలాసేపు పెద్దది చేసి చూసింది, తలుపు సందులోంచి కొడుకు కనబడతాడేమో అని.

చిన్నమ్మ ఇప్పుడు ఇంట్లో ఉంది. మళ్ళీ కీమో ఉంది, మళ్ళీ కణాలు పడతాయి. పోయిన వారం పెద్దమామ నాకు ఫోన్ చేశాడు. "ఏమ్మా, ఈసారి ఏ తారీఖు నుంచి ఏ తారీఖు దాకా రాకూడదో రాసి పంపు. ఆ దినాల్లో నేను రాను, మిగిలినోళ్ళను కూడా రానియ్యను" అన్నాడు. డాక్టరు గారిని అడిగి పంపాను.