తూము దగ్గర తాత, రౌటర్ దగ్గర నేను



మా తాత మా ఊరి చెరువుకు నీరటి. తూము తీసి, కాలువ వెంట నడిచి, ఎవరి పొలానికి ఎంత పారాలో చూసేవాడు. మాకు మాత్రం గుంట భూమి లేదు. మా ఇంట్లో డిగ్రీ పట్టా అందుకున్న మొదటివాణ్ణి నేనే. ఈ హాస్టల్లో ఐదేళ్లు ఉండి పదో తరగతి పాసయ్యాను. ఇప్పుడు ఎం.సి.ఏ. చదువుతున్నాను.

మా పి.జి. హాస్టల్లో 40 మందికి ఒకటే ఇంటర్నెట్ లైను, 20 ఎంబీపీఎస్. నిరుడు ఒక సాయంత్రం జూనియర్ తమ్ముడు ఉద్యోగానికి ఆన్‌లైన్ ఇంటర్వ్యూలో ఉండగా మాట తెగిపోయింది. మళ్లీ కలిసేసరికి అవతలివాళ్లు వెళ్లిపోయారు. అదే సమయంలో పక్క గదిలో సినిమా డౌన్‌లోడ్ అవుతోంది. పెట్టింది నేనే. వాడు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

వార్డెన్ సారును అడిగి, మూలన పడున్న పాత కంప్యూటర్లో లైనక్స్ వేసి రౌటర్‌గా మార్చాను. మొదట పెద్ద డౌన్‌లోడ్లన్నీ ఆపేశాను. మర్నాడే ఇంకో తమ్ముడు వచ్చాడు. "అన్నా, నేను దించుకునేవి గ్రూప్స్ పాఠాలు. ఇంటికి పోతే మాకు నెట్ లేదు" అన్నాడు. ఆపడం సులువు, పంచడమే కష్టమని అప్పుడు తెలిసింది.

లైనక్స్ కెర్నెల్లో 2002 నుంచి హెచ్‌టీబీ అనే పద్ధతి ఉంది. అందులో 'బీ' అంటే బకెట్. బోరింగు దగ్గర బకెట్ పట్టుకుని వరుసలో నిలబడ్డ మనకది కొత్త కాదు! ప్రతి తరగతికీ రెండు అంకెలు ఇస్తాం. ఒకటి తప్పకుండా దక్కే వాటా, రెండోది దాటకూడని హద్దు. రీడింగ్ రూంలో పరీక్షలకు, ఇంటర్వ్యూలకు కేటాయించిన బల్లలకు 8, మామూలు వాడకానికి 6, పెద్ద డౌన్‌లోడ్లకు 4 ఇచ్చాను. హద్దు అందరికీ 18. బల్లలు ఖాళీగా ఉంటే ఆ 8 మిగతావాళ్లు బదులు తీసుకుంటారు. ఇంటర్వ్యూ మొదలవగానే ఆ వాటా తిరిగి బల్లకు వచ్చేస్తుంది.

లైను 20 అయితే 18 ఎందుకని అందరూ అడిగారు. నిండా వదిలితే వరుస కంపెనీవాళ్ల పరికరంలో పేరుకుంటుంది, అక్కడ మన మాట చెల్లదు. కాస్త తగ్గిస్తే వరుస మన రౌటర్లోనే నిలుస్తుంది, ఎవర్ని ముందు పంపాలో మనమే చెప్పొచ్చు. తాత కూడా నీళ్లను తూము దగ్గరే పంచేవాడు. పై మడి నిండగానే కిందికి వదిలేవాడు, చివరి మడిని ఎండనిచ్చేవాడు కాదు.

ఆ తర్వాత తమ్ముడు అదే బల్ల మీద ఇంకో ఇంటర్వ్యూ ఇచ్చాడు. నేను తలుపు బయట కూర్చున్నాను. లైను తెగలేదు. నా వల్ల పోయిన మొదటి ఇంటర్వ్యూ మాత్రం తిరిగి రాలేదు.

తమ్ముళ్లూ, రేపు మీలో ఎవరి చేతికైనా తూము వస్తుంది. అప్పుడు చివరి మడిని చూడటం మరవకండి.

వార్షికోత్సవ శుభాకాంక్షలతో,
మీ అన్న