నిద్రించే కాపలాదారు

విజ్ఞానశాస్త్రం అనగానే మనలో చాలమందికి రాకెట్లు, ఉపగ్రహాలు, అణువిద్యుత్కేంద్రాలు స్ఫురిస్తాయి. అవి గొప్పవే, కాదనము. కాని ఇంటి మూలన కూర్చుండి, పావుగంటకొకసారి కన్ను తెరచి, ఒక్క సంఖ్య చెప్పి, మరల కన్ను మూసుకొనే చిన్న యంత్రం ఒకటి ఉన్నది. పరిమాణంలో అగ్గిపెట్టె కంటె కొంచెం పెద్దది. మేము ముగ్గురం మిత్రులం రొంపిచెర్లలో ఏడాదికి పైగా తీరిక వేళలన్నీ దానికే ధారపోశాము. విద్యార్థి మిత్రులలో ఎవరికైన ఇటువంటిది నిర్మించాలని కోరిక కలిగితే తోడ్పడగలదని ఈ వ్యాసం వ్రాస్తున్నాము.

ముందుగా మా ఊరిని గూర్చి ఒక మాట. చిత్తూరు వైపునా ఒక రొంపిచెర్ల ఉన్నది. అందుచేత మేము విడిభాగాలు తెప్పించుకొనేటప్పుడు చిరునామాలో ‘పల్నాడు జిల్లా’ అన్న మాట క్రింద రెండు గీతలు గీసేవారము. 2022 ఏప్రిల్‌లో ఈ జిల్లా ఏర్పడేవరకు మాది గుంటూరు జిల్లా. ఊరి పేరులో రొంపి ఉన్నది, చెరువు ఉన్నది. కాని మే మాసంలో ఆ రెండింటి జాడ వెదకబోయినవాడు చెమట తుడుచుకుంటూ తిరిగి రావలసిందే. ఏటా వేసవిలో పత్రికలకెక్కే రెంటచింతల ఎండలు మా జిల్లావే కదా!

మాలో ఒకరి ఇంట దాదీమా ఉన్నారు. వయస్సు డెబ్బది దాటినది. పదేండ్లుగా మధుమేహం, ఉదయం, రాత్రి ఇన్సులిన్ తీసుకోవలసిందే. మూత తీయని ఇన్సులిన్ సీసాను 2 నుంచి 8 డిగ్రీల సెంటిగ్రేడు మధ్య నిలువ ఉంచాలి. ఆ ఇంట ఫ్రిజ్ ఉన్నది గాని, ఎండల్లో కరెంటు ఎప్పుడు పోతుందో, పోయినది ఎప్పుడు వస్తుందో చెప్పలేము. పగటివేళ ఇంటివారు మిరప కల్లాల వద్దనో ప్రత్తి చేలలోనో ఉంటారు. వారు వచ్చేసరికి ఫ్రిజ్ తిరుగుతూనే ఉంటుంది. నడుమ ఎంతసేపు ఆగినదో, సీసా ఎంత వేడెక్కినదో ఎవరికీ తెలియదు. చెడిన ఇన్సులిన్ అన్నిసార్లూ రంగు మారదు, వాసన వేయదు. సూదిలో ఎక్కించుకున్న తరువాత రక్తపరీక్షలోనే దాని గుట్టు బయటపడుతుంది.

కాబట్టి ఫ్రిజ్‌లోని ఉష్ణోగ్రతను కనిపెట్టి ఉండే యంత్రం కావాలి. అది గోడ ప్లగ్గు మీద ఆధారపడరాదు. కరెంటు పోయిన క్షణం నుంచే దానికి పని మొదలవుతుంది గనుక బ్యాటరీతో నడవాలి. ఫ్రిజ్ వద్ద నుంచి వసారా దాకా తీగలు లాగే వీలు లేదు గనుక గాలిలోనే కబురు పంపగలగాలి.

ఇటువంటి పనికి ఇంజనీరింగు పట్టా అవసరం లేదని లోకానికి చూపినది ఆర్డుయినో అనే బోర్డు. 2005లో ఇటలీలోని ఇవ్రియా పట్టణంలో, ఎలక్ట్రానిక్స్ ఎరుగని విద్యార్థుల కోసం అది రూపొందినది. ఆ పేరు అక్కడి ఒక పానశాలది. ఆ పానశాలకు ఆ పేరు వేయి సంవత్సరాల క్రిందటి ఒక రాజుగారి వల్ల వచ్చినది. రాజు నుంచి పానశాలకు, పానశాల నుంచి బోర్డుకు సంక్రమించిన కీర్తి ఇంకెక్కడైనా ఉన్నదో లేదో! 2014లో షాంఘైకి చెందిన ఎస్ప్రెస్సిఫ్ సంస్థవారి ఇ.ఎస్.పి. 8266 అనే చిప్పు వచ్చి వైఫై శక్తిని కూడ చవకగా అందించినది. ఆర్డుయినోకు వ్రాసే పద్ధతిలోనే దీనికీ ఆజ్ఞలు వ్రాయవచ్చును. మేము ఎన్నుకొన్నది దీనినే.

గాలిలో కబురు పంపడానికి ప్రభుత్వ అనుమతి అక్కరలేదా అని మా పెద్దలు అడిగారు. వారి సందేహం సహేతుకమే. ఒకప్పుడు రేడియో వినడానికి సైతం తపాలా కార్యాలయంలో లైసెన్సు రుసుము చెల్లించిన తరం వారిది. 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను పరిమిత శక్తితో వాడుకొనేందుకు మన దేశంలో 2005 నుంచి లైసెన్సు అవసరం లేదు.

కొలిచే పని డి.ఎస్.18బి20 అనే చిన్న ఉష్ణమాపకానిది. ఉక్కు తొడుగులో, మీటరు పొడవు తీగతో దొరుకుతుంది. ఫ్రిజ్ లోహపు పెట్టె గనుక లోపల నుంచి తరంగాలు సరిగా వెలువడవు. అందుచేత ఉక్కు తొడుగును మాత్రం ఇన్సులిన్ సీసాల ప్రక్కన ఉంచి, సన్నని తీగను తలుపు రబ్బరు అంచు మీదుగా బయటికి తెచ్చి, బోర్డును ఫ్రిజ్ వెనుక గోడకు తగిలించాము. మాపకపు సంకేత తీగకు, విద్యుత్తు తీగకు మధ్య 4.7 కిలో ఓముల నిరోధం ఒకటి ఉండాలి. నిర్మాణంలో చెప్పుకోదగ్గ సంగతులు ఇంతే. అసలు కథ బ్యాటరీది.

ఇక్కడ కొంచెం గణితం తప్పదు. మేలుకొని వైఫై నడుపుతున్నపుడు ఈ చిప్పు సగటున సుమారు 80 మిల్లీఆంపియర్లు త్రాగుతుంది. మా వద్ద ఉన్నది 3.2 వోల్టుల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్. దాని సామర్థ్యం 1500 మిల్లీఆంపియర్ గంటలు. నిరంతరం మేలుకొని ఉంటే 19 గంటలలో సెల్ ఖాళీ! కాని ఈ చిప్పునకు గాఢనిద్ర అనే విద్య తెలుసు. గడియారం ఒక్కటి తప్ప లోపల అన్నిటినీ ఆపివేసుకొని, కేవలం 20 మైక్రోఆంపియర్లతో, అనగా మేలుకొన్నప్పటి వాడకంలో నాలుగువేల వంతుతో, ప్రాణం నిలుపుకొంటుంది. డి0 అనే కాలిని ఆర్.ఎస్.టి. అనే కాలితో తీగ వేసి కలిపితే, నిర్ణీత కాలానికి తనను తానే తట్టి లేపుకుంటుంది.

అయితే నేర్చుకొనేవారి కోసం చేసిన బోర్డు మీద చిప్పు ఒక్కటే ఉండదు. కంప్యూటరుతో మాట్లాడే భాగం, వోల్టేజీ తగ్గించే భాగం, ఎప్పుడూ వెలిగే ఎర్రదీపం కూడ ఉంటాయి. చిప్పు నిద్రించినా అవి నిద్రించవు. మేము మల్టీమీటరు పెట్టి కొలువగా నిద్రలోనూ 8 మిల్లీఆంపియర్లు ఖర్చవుతున్నది. ఆ లెక్కన సెల్ ఆయుష్షు ఒక్క వారం. అభ్యాసానికి ఆ బోర్డు ఎంతో సుఖం. ఆజ్ఞలు వ్రాసి, పరీక్షించి, సరిచూసుకొనడం అంతా దాని మీదనే చేశాము. కాపలాకు మాత్రం ఆ ఆర్భాటాలు లేని ఒట్టి మాడ్యూలును వాడాము.

ఒట్టి మాడ్యూలుకు కాళ్ళు రెండేసి మిల్లీమీటర్ల ఎడంతో ఉంటాయి. దానికి తీగలు అతకడం నరసరావుపేటలో రేడియోలు, టీవీలు బాగుచేసే ఒక పెద్దమనిషి వద్ద నేర్చుకొన్నాము. ఆయనను మేము చాచా అంటాము. మా చేతులు వణకడం చూచి ఆయన నవ్వి, “బేటా, నువ్వు వేడి చేయవలసింది సీసాన్ని కాదు, తీగను. తీగ వేడెక్కితే సీసం దానంతట అదే పారుతుంది” అన్నారు. మూడు సాయంకాలాలు మాకు నేర్పి, టీ డబ్బులు కూడ ఆయనే ఇచ్చారు.

ఇక మేలుకొన్న సమయాన్ని తగ్గించాలి. ఇంటి వైఫైతో పరిచయం కుదిరి కబురు చేరేసరికి సుమారు 5 సెకన్లు పడుతుంది. పావుగంటకొకసారి ఇలా చేస్తే సెల్ నాలుగున్నర నెలలు వస్తుంది. పైగా కరెంటు పోతే వైఫై పెట్టె కూడ ఆగిపోతుంది; అప్పుడు కబురు చేరవలసిన చోటే ఉండదు. అందుకని ఇ.ఎస్.పి. నౌ అనే పద్ధతి అవలంబించాము. ఇందులో ఒక చిప్పు మరొక చిప్పుకు, మధ్యవర్తి లేకుండ, సూటిగా చెప్పేస్తుంది. ఉష్ణోగ్రత కొలవడానికి ముప్పాతిక సెకను, చెప్పడానికి అంతకంటె చాల తక్కువ. మొత్తం ఒక సెకను అనుకొందాం. ఇప్పుడు లెక్క వేస్తే సెల్ ఏడాదిన్నర వస్తుంది. 19 గంటలు ఏడాదిన్నర అయినది! సెల్ మారలేదు, చిప్పు మారలేదు. మారినదల్లా నిద్ర.

ఇస్మాయిల్ అల్ జజరీ అనే మహాశిల్పి 1206లో పూర్తిచేసిన తన యంత్రశాస్త్ర గ్రంథంలో జలఘటికలను వర్ణించాడు. నీటిని ఒక్కసారిగా వదలక, కొలిచి కొలిచి జారవిడిచి, ఆ కొద్దిపాటి బలంతోనే వేళకు బొమ్మలను కదిలించి తాళాలు మ్రోగించాడు. మా సెల్‌లోని విద్యుత్తును గంటలుగా విభజించుకుంటూ కాగితాలు నింపిన రాత్రులలో ఆయన తరచు మా మాటల్లోకి వచ్చేవాడు.

కబురు వినే రెండవ బోర్డు వసారాలో ఉంటుంది. వినేవాడు నిద్రించరాదు గనుక దీనిని పవర్ బ్యాంకుకు తగిలించాము. పదివేల మిల్లీఆంపియర్ గంటలది కరెంటు లేకున్నా రెండు మూడు రోజులు నడుపుతుంది. కొన్ని పవర్ బ్యాంకులు ఇంత స్వల్ప వాడకాన్ని వాడకంగానే గుర్తించక ఆగిపోతాయి; కొన్ని తాము చార్జి అవుతూ ఇతరులకు ఇవ్వలేవు. కొనే ముందు బోర్డు తగిలించి చూచుకొనడం మేలు. ఉష్ణోగ్రత 2కు దిగినా, 8కి ఎక్కినా ఈ బోర్డు మీది బజరు మ్రోగుతుంది. 1895లో కలకత్తా టౌన్‌హాలులో ఆచార్య జగదీశ్ చంద్ర బోసు గోడల అవతల ఉన్న గంటను తీగ లేకుండ మ్రోగించినపుడు జనం నివ్వెరపోయారట. మా వసారాలో బజరు మ్రోగితే నివ్వెరపోయినది పిల్లి ఒక్కటే.

ఇదంతా వివరించి చెప్పినపుడు దాదీమా వేసిన ప్రశ్న మమ్ములను చాల ఆలోచింపజేసినది. “అదీ నిద్రపోతుంటే నా మందుకు కాపలా ఎవరు నాయనా?” అన్నారు. తొమ్మిది వందల సెకన్లలో ఎనిమిది వందల తొంబదితొమ్మిది నిద్రించే కాపలాదారు మరి! మేము ఇచ్చిన జవాబు ఇది. మూసి ఉన్న ఫ్రిజ్‌లో చలువ పావుగంటలో మాయం కాదు. కాబట్టి ఈ సరుకుకు పావుగంట నిద్ర ప్రమాదం కాదు. కాపాడవలసినది వీధి తలుపైతే ఈ పద్ధతి పనికిరాదు. అక్కడ తలుపుకు అయస్కాంతం, గడపకు రీడ్ స్విచ్చి పెట్టి, తలుపు కదిలితేనే చిప్పు మేలుకొనేటట్లు చేయాలి.

కాని ఆ ప్రశ్నలో మరొక ముడి ఉన్నది. కాపలాదారు నిద్రలోనే పోతే? సెల్ అయిపోతే, తీగ ఊడితే, బజరు మ్రోగదు. మ్రోగలేదు గనుక అంతా క్షేమమని ఇంటివారు నమ్ముతారు. ఇంతకంటె అపాయం లేదు. అందుచేత రెండవ బోర్డుకు ఇంకొక ఆజ్ఞ వ్రాశాము. ముప్పాతిక గంట పాటు, అనగా వరుసగా మూడు కబుర్లు రాకుంటే, అప్పుడు కూడ మ్రోగాలి. మా యంత్రంలో అన్నిటికంటె విలువైన భాగం ఏదని అడిగితే మేము ఆ నాలుగు పంక్తుల ఆజ్ఞనే చూపుతాము.

మార్చిలో దానిని అమర్చాము. వేడిని పట్టుకొనడానికి పెట్టినది మొట్టమొదట పట్టుకొన్నది చలిని! మూడవనాటి తెల్లవారుజామున బజరు మ్రోగినది. చూస్తే మైనస్ 1.2 డిగ్రీలు. ఇంటివారు వేసవి వస్తున్నదని ఫ్రిజ్ మర పెంచారు. ఎంత చల్లగా ఉంటే మందుకు అంత మంచిదని సీసాలను మంచుగది క్రింది అరలో, వెనుక గోడకు ఆనించి ఉంచారు. ఏండ్ల తరబడి అదే వారి పద్ధతి. ఇన్సులిన్‌కు వేడి ఎంత చెరుపో గడ్డకట్టడం అంతకు మించిన చెరుపు. ఒకసారి గడ్డకట్టినది కరిగి మరల నీళ్ళవలె కనిపించినా వాడరాదు. నరసరావుపేటలోని వైద్యులు ఆ రెండు సీసాలను పారవేయించి క్రొత్తవి వ్రాసి ఇచ్చారు. నాటి నుంచి అవి నడిమి అరలో, ముందు వైపున ఉంటున్నాయి.

మే మాసంలో గాలివాన వచ్చి రాత్రి తొమ్మిదింటికి కరెంటు పోయినది. తలుపు ఎవరూ తెరవలేదు. ఒంటిగంట దాటిన తరువాత ఉష్ణోగ్రత 8 దాటి బజరు మ్రోగినది. ఇంటి కోడలు లేచి, ముందే సిద్ధం చేసిన మట్టి కుండల జోడులోకి సీసాలను మార్చారు. పెద్ద కుండలో ఇసుక పోసి తడిపి, దాని నడుమ చిన్న కుండ దించినది అది. పొడిగాలిలో ఆ ఇసుక తడి ఆరుతూ లోపలి వేడిని తీసుకుపోతుంది. ఉక్కు తొడుగును కూడ అందులోనే ఉంచారు. తెల్లవారేసరికి 25 డిగ్రీలు చూపినది. అది ఫ్రిజ్‌కు సాటి కాదు. ఒక రాత్రి గడవడానికి చాలినది.

ఖర్చు మాట. రెండు బోర్డులు, మాపకం, సెల్, దాని చార్జరు, బజరు, డబ్బా, అన్నీ కలిపి వేయి రూపాయలకు లోపే అయినది. పవర్ బ్యాంకు ఇంట్లో ఉన్నదే.

ఈ రకం సెల్‌కు ఒక గుణం ఉన్నది. దాదాపు చివరి వరకు 3.2 వోల్టుల వద్దనే నిలిచి, ఆ తరువాత ఒక్కసారిగా పడిపోతుంది. కాబట్టి వోల్టేజీ చూచి ఎంత మిగిలినదో చెప్పడానికి వీలు లేదు. లెక్క ఏడాదిన్నర అని చెప్పినా ఏడాదికే చార్జి చేయాలని నిశ్చయించి, చార్జి చేసిన తేదీని ఒక కాగితం మీద వ్రాసి డబ్బాకు అంటించాము. తేదీ క్రింద మూడు సూచనలు వ్రాశాము: మ్రోగితే ముందు అంకె చూడండి, ఫ్రిజ్ తలుపు ఊరకే తెరవకండి, కుండ తడపండి. మొదట తెలుగులో మాత్రమే వ్రాశాము. పగటివేళ ఇంట ఉండేది దాదీమా ఒక్కరే. ఆమె చదివేది ఉర్దూ. ఇప్పుడు ఆ డబ్బా మీద కాగితాలు రెండు ఉన్నాయి. రెండవది ఆమె స్వహస్తంతో వ్రాసుకొన్నది. మా మూడు సూచనల క్రింద ఆమె నాలుగవది చేర్చారు, “పిల్లలకు ఫోను చేయి” అని.