చల్లారాక చేసే పని

"కూలెంట్ తగ్గుతోందా? నీళ్ళు పోసుకుంటూ నడిపించెయ్యండి సార్, ఏం కాదు." కారున్న ప్రతివాడికీ మన ఊళ్ళలో ఉచితంగా దొరికే సలహా ఇది. చెప్పేవాళ్ళు మన మేలు కోరేవాళ్ళే, సందేహం లేదు. అయినా ఆ "ఏం కాదు" అన్న మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. కూలెంట్ పెట్రోలు కాదు, కారు నడిచేకొద్దీ ఖర్చయిపోవడానికి. ఇంజన్‌కీ రేడియేటర్‌కీ మధ్య తిరిగిన చోటే మళ్ళీ మళ్ళీ తిరగడం దాని పని. వారం వారం తగ్గుతోందంటే ఎక్కడో దారి చూసుకుని బయటికి పోతోందన్నమాట. బానెట్ ఎత్తి ఒక మూలకి చూడండి. మిన్, మాక్స్ గీతలున్న ప్లాస్టిక్ ట్యాంకు ఉంటుంది. కొత్తలో తెల్లగా, అవతలి ద్రవం కనిపించేంత పల్చగా ఉంటుంది. ఏళ్ళు గడిచేకొద్దీ పసుపెక్కి, ఆ తర్వాత గోధుమరంగుకి తిరుగుతుంది. దాన్ని రెండు ముక్కలుగా అచ్చుపోసి, వేడితో అతికిస్తారు. నడుం చుట్టూ కనిపించే గట్టు ఆ అతుకే. కారడం మొదలయ్యేది చాలాసార్లు అక్కడే. అలాగని తడి కనిపిస్తుందనుకోకండి. ఇంజన్ వేడికి నీరంతా ఆవిరైపోయి, అతుకు వెంట ఆకుపచ్చగానో గులాబీరంగులోనో పొడిబారిన చారిక మిగులుతుంది. దానికి తోడు బానెట్ ఎత్తగానే ఓ తియ్యటి వాసన.

ఈ ట్యాంకు విషయంలో మనవాళ్ళు చేసే పొరపాటల్లా దాన్ని నీళ్ళు దాచుకునే డబ్బా అనుకోవడం. మారుతి ఆల్టో లాంటి కార్లలో నిజంగానే అది డబ్బా. అక్కడ ఒత్తిడి భరించే మూత రేడియేటర్ మీద ఉంటుంది, పొంగినదాన్ని పట్టుకోవడమే ట్యాంకు పని. కానీ ఫోక్స్‌వాగన్ పోలో లాంటి వాటిలో ఒత్తిడి మూత ట్యాంకు మీదే ఉంటుంది. అంటే ఇంజన్‌లో ఉన్న ఒత్తిడే ట్యాంకులోనూ ఉంటుంది. ఆరు లీటర్ల కూలెంట్ వేడెక్కితే సుమారు పావు లీటరు పెరుగుతుంది. ఆ పెరిగినదానికి చోటిస్తూనే, వాతావరణ పీడనం మీద సుమారు ఇంకో బార్ ఒత్తిడిని నిలబెట్టాలి. ఒక బార్ అంటే చదరపు సెంటీమీటరుకి ఇంచుమించు ఒక కిలో. పది సెంటీమీటర్ల పొడవూ పది సెంటీమీటర్ల వెడల్పూ ఉన్న గోడ మీద వంద కిలోలు, అంటే పాతిక కిలోల బియ్యం బస్తాలు నాలుగు. ఈ ఒత్తిడంతా ఎందుకంటే, సగం నీళ్ళూ సగం కూలెంట్ కలిపిన ద్రవం మామూలుగా 107 డిగ్రీల దగ్గర మరుగుతుంది, ఒక బార్ ఒత్తిడి తోడైతే 128 దాటేదాకా మరగదు. ట్యాంకుకి వెంట్రుకవాసి చీలిక వస్తే పోయేది ద్రవం ఒక్కటే కాదు, ఈ ఇరవై డిగ్రీల వెసులుబాటు కూడా. ఊళ్ళో తిరిగినంతకాలం ఆ సంగతి తెలియదు. నలుగురిని ఎక్కించుకుని, ఏసీ వేసుకుని మే నెలలో ఘాట్ రోడ్డు ఎక్కినప్పుడు తెలుస్తుంది. మీటర్లో ముల్లు చెబుతుందిలే అని ధీమాగా ఉండకండి. ఆ ముల్లుని కదిపే సెన్సర్ ద్రవంలో మునిగి ఉన్నప్పుడే నిజం చెబుతుంది. ద్రవమే పోతే ఇంజన్ కాలిపోతున్నా ముల్లు కదలకుండా కూర్చోవచ్చు.

అతుకు మీద ఎమ్-సీల్ పెడితే సరిపోదా అంటారు. ఇంట్లో వాటర్ ట్యాంకుకి పనికొచ్చిన మందు కారుకి ఎందుకు పనికిరాదన్నది వాళ్ళ వాదం. పనికిరాదు. ఈ ట్యాంకుల్లో ఎక్కువ భాగం పాలీప్రొపిలీన్‌తో చేసినవి. ఎమ్-సీల్ లాంటి ఎపాక్సీలు దేన్నైనా పట్టుకుంటాయి గానీ దాన్ని గట్టిగా పట్టుకోవు. చల్లగా ఉన్నప్పుడు అతుక్కున్నట్టే ఉంటుంది. రోజూ వేడెక్కి సాగుతూ, చల్లారి ముడుచుకుంటూ ఉంటే ఆ పెచ్చు కాస్తా లేచిపోతుంది. పోనీ అతికిందే అనుకుందాం. ఒకచోట చీలిన ప్లాస్టిక్ అంటే ఏళ్ళ తరబడి వేడికి పెళుసెక్కిన ప్లాస్టిక్. ఇవాళ చీలింది అక్కడ, రేపు చీలేది దాని పక్కన. ట్యాంకు మార్చాల్సిందే.

ఇక నీళ్ళ వాదం. మా తాతల అంబాసిడర్ జీవితమంతా బావినీళ్ళతోనే నడిచిందండీ అంటారు. నడిచింది, కాదనను. ఆ బండి ఇంజన్ పోత ఇనుము, రేడియేటర్ ఇత్తడి, రాగి. ఒత్తిడి తక్కువ, నీటి దారులు విశాలం. అయినా దాని రేడియేటర్‌ని ఊడదీసి, పైభాగం విప్పి, సన్నటి గొట్టాల్లో రేకు దూర్చి గార దులిపించి, మళ్ళీ టంకం పెట్టించేవారన్న ముక్క మాత్రం ఈ కథ చెప్పేవాళ్ళు మింగేస్తారు. ఇవాళ్టి కార్లలో సిలిండర్ హెడ్డూ రేడియేటరూ అల్యూమినియం. దాని తుప్పుని ఆపే రసాయనాలు కూలెంట్‌లో ఉంటాయి, కొళాయినీళ్ళలో ఉండవు. లెక్క కట్టి చూడండి. ఆరు లీటర్లలో వారానికి అర లీటరు కారిపోతుంటే, దాని బదులు నీళ్ళే పోస్తూ పోతే, మూడు నెలలకి సగం పాలు ఉన్న కూలెంట్ ఐదోవంతుకి కూడా దిగువకి జారిపోతుంది. ఆ పోసేది బోరునీళ్ళైతే సున్నపు గార అదనం. నల్గొండ, పల్నాడు వైపు గీజర్ కాయిల్ మీద పేరుకునే తెల్లటి పొరే ఇంజన్ లోపలి గోడల మీదా పేరుకుంటుంది. ఏసీ పైపు నుంచి కారే నీళ్ళు పట్టి పోసేవాళ్ళూ ఉన్నారు. లవణాలు లేవన్నంతవరకు ఆ తెలివి మెచ్చుకోదగ్గదే, ఏసీ కాయిల్ మీది దుమ్మూ పాచీ ఉచితం. బ్యాటరీల కొట్లో అమ్మే డిస్టిల్డ్ వాటర్ ఖరీదెంతని ఈ అవస్థ? రంగు చూసి కూలెంట్ కొనడం మరో తంతు. ఆకుపచ్చ ఇంతకాలం, గులాబీ ఇంతకాలం అని చెప్పే ప్రమాణమేదీ లేదు. రంగు కంపెనీవాడి ఇష్టం. ఏది పోయాలో కారుతో ఇచ్చిన పుస్తకంలో రాసి ఉంటుంది. డ్యాష్‌బోర్డు అరలో, ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా, అది కొన్ననాటి నుంచీ మనకోసమే ఎదురుచూస్తోంది.

ట్యాంకు మార్చడం మెకానిక్ చూసుకుంటాడు కదా, మనకెందుకు అనేది అన్నిటికంటే బలమైన అభ్యంతరం. విజయవాడ ఆటోనగర్‌లో చేయి తిరిగినవాళ్ళ పనితనం ముందు మనమెంత? నిజమే. కానీ ఈ పనికి కావలసింది పనితనం కాదు, ఆగడం. కారు వచ్చేసరికి ఇంజన్ వేడిగా ఉంటుంది, వెనకాల ఇంకో మూడు బళ్ళు నిలబడి ఉంటాయి. తడిగుడ్డ వేసి వేడివేడిగా మూత తిప్పడం షెడ్డులో రోజూ జరిగేదే. ఒత్తిడి ఒక్కసారిగా పడిపోతే లోపలి ద్రవం ఆ క్షణంలోనే మరిగి మొహం మీదికి చిమ్ముతుంది. అది మెకానిక్ తప్పు కూడా కాదు. గంటకింత అని బతికేవాణ్ణి నాలుగైదు గంటలు ఊరికే కూర్చోమనడం అన్యాయం. ఇంటి దగ్గరైతే రాత్రి కారు పెట్టి పొద్దున్నే బానెట్ ఎత్తొచ్చు. డబ్బు పెద్దగా మిగలదు, ఆ ఆశ పెట్టుకోవద్దు.

పనిలో కష్టమైన ఘట్టం ఒకటే: ఏళ్ళ తరబడి ఒకేచోట బిగిసిపోయిన హోస్ పైపుని విడిపించడం. ప్లయర్‌తో క్లిప్పు చెవులు నొక్కి వెనక్కి జరిపాక పైపుని లాగకూడదు. ముందు అటూ ఇటూ మెలితిప్పాలి. రబ్బరు ప్లాస్టిక్‌ని వదిలిన చిన్న కదలిక వేళ్ళకి తెలుస్తుంది, అప్పుడు లాగాలి. తొందరపడితే పాత ట్యాంకు ముక్కు విరిగి పైపులో ఉండిపోతుంది. రేడియేటర్ వైపు ముక్కు విరిగితే మాత్రం కొండనాలిక్కి మందేస్తే ఉన్న నాలిక ఊడిందన్నట్టే. కింద వెడల్పాటి టబ్బు పెట్టుకోవాలి. కూలెంట్‌లోని ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, వీధికుక్కలూ పిల్లులూ ఇష్టంగా నాకుతాయి. కొద్దిపాటిదైనా వాటి కిడ్నీలు పాడుచేసి చంపేస్తుంది. ఒలికినదాన్ని కడిగి తుడవాలి, టబ్బులోది పసిపిల్లలకి అందని క్యానులో పోసి సర్వీస్ సెంటర్‌లో ఇచ్చెయ్యాలి. కొత్త ట్యాంకు బిగించి మెల్లగా నింపాక గాలి బయటికి పోవాలి. చాలా కార్లకి అప్పుడు హీటర్ నాబ్‌ని పూర్తిగా ఎరుపు వైపు తిప్పమంటారు. మన ఎండల్లో ఆ నాబ్ తిరిగే సందర్భం బహుశా అదొక్కటే. ఫ్యాన్ తిరిగి ఆగేదాకా ఇంజన్ నడిపి, ఆపి, మళ్ళీ పూర్తిగా చల్లారాక గీత చూసుకోవాలి. తగ్గి ఉంటుంది, పోయాలి. కొత్త ట్యాంకు పెట్టినా రోజూ తగ్గుతూనే ఉంటే అది వాటర్ పంపో హెడ్ గ్యాస్కెట్టో. అక్కణ్ణించి మెకానిక్ పని.

మూత సంగతి చెప్పకుండా వదిలితే నాకు నిద్రపట్టదు. ట్యాంకు పగిలిందని అందరూ ట్యాంకుని తిడతారు, మూతని ఎవరూ అనుమానించరు. అందులో రెండు వాల్వులుంటాయి. ఒత్తిడి మితిమీరితే ఒకటి తెరుచుకుని బయటికి వదులుతుంది, చల్లారేటప్పుడు రెండోది గాలిని లోపలికి పీల్చుకోనిస్తుంది. మొదటిది తుప్పో గారో పట్టి బిగుసుకుంటే ఆ ఒత్తిడంతా ట్యాంకు అతుకు మీదికే వస్తుంది. రెండోది బిగుసుకుంటే చల్లారిన ఇంజన్ మీద రబ్బరు పైపు నొక్కుకుపోయి కనిపిస్తుంది. మూత మీద 0.9, 1.1, 1.4 అని అంకె అచ్చు వేసి ఉంటుంది, అది భరించే ఒత్తిడి. ఆ అంకె చూడకుండా మర కుదిరింది కదా అని ఏదో ఒకటి బిగించేస్తారు. అందుకని కొత్త ట్యాంకుతో పాటు అదే అంకె ఉన్న కొత్త మూత కూడా కొనండి. పాతది చూడ్డానికి బాగానే ఉందని సొరుగులో దాచకండి. ఎవరో ఒకరు దాన్ని మళ్ళీ ఏదో ఒక కారుకి బిగించేస్తారు.