మేం ఏ గడిలో ఉన్నాం?

మేం యూనివర్సిటీలో ఇన్ఫర్మేషన్ సెక్యూరిటీ మేనేజ్‌మెంట్ చదువుతున్నాం. సమాచారానికి కాపలా కాసే చదువు. మాట వినగానే మా ఇళ్లలో భయపడ్డారు. "ఈ హ్యాకింగులూ గీకింగులూ మనకెందుకు బేటా? రేపేదన్నా అయితే ముందు మన తలుపే కొడతారు" అంది ఒక అమ్మీ. పక్క వీధి కుర్రాడు అదే కోర్సులో చేరితే వాళ్లింట్లో స్వీట్లు పంచారు. చదువు ఒకటే. పేర్లే వేరు.

మొదటి పాఠం మూడు మాటలు. గోప్యత, చెక్కుచెదరకపోవడం, అందుబాటు. చూడకూడనివాడు చూడకూడదు. మార్చకూడనివాడు మార్చకూడదు. హక్కున్నవాడికి కావలసినప్పుడు దొరకాలి. మాలో ఒకరి అబ్బా చార్మినార్ దగ్గర మారుతాళాలు చేస్తాడు. ఇవి చెబితే నవ్వాడు. తాళం ఎవరిదో తేలందే ఆయన చెవి చెయ్యడు. ఆయనకిది ఏ యూనివర్సిటీ నేర్పలేదు.

రెండో పాఠం రిస్క్ రిజిస్టర్. 2005లో వచ్చి, 2013లోనూ 2022లోనూ మారిన ఐఎస్‌ఓ 27001 ప్రమాణం, ముప్పుల్ని ముందే అంచనా కట్టి రాసుకోమంటుంది. ఎక్కువమంది పట్టిక గీస్తారు. ఒక గడిలో కాపాడాల్సిన ఆస్తి. పక్క గడిలో దానికొచ్చే ముప్పు. ఆ పక్కన ముప్పు దూరే కంత.

ఆ గడులు గీస్తుంటే మాకు మేమే గుర్తొచ్చాం. మమ్మల్ని ముప్పు గడిలోనే రాశారు. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది. చచ్చిపోయింది నమాజుకొచ్చినవాళ్లు. తర్వాత పట్టుకుపోయిందీ మా పిల్లల్నే. కోర్టులు నిర్దోషులన్నాక 2012లో ప్రభుత్వం పరిహారమిచ్చింది. 2013లో హైకోర్టు ఆ ఉత్తర్వునీ కొట్టేసింది. మా చదువులో దీన్ని ఫాల్స్ పాజిటివ్ అంటారు. అలారం తప్పుగా మోగితే ఎందుకు మోగిందో రాసిపెట్టి, దాన్ని సరిచెయ్యాలి. మా విషయంలో ఎవరు రాసిపెట్టారు? ఏం సరిచేశారు?

మరి ఆస్తి గడిలో? 2021 జూలైలో 'సుల్లీ డీల్స్', 2022 జనవరి 1న 'బుల్లీ బాయి'. ముస్లిం ఆడవాళ్ల ఫోటోలు ఎత్తుకుపోయి వేలంపాటని ఆప్‌లలో పెట్టారు. మాలోని అమ్మాయిలకి ఆ రోజు నుంచీ గోప్యత పరీక్షలో మార్కుల ముచ్చట కాదు. ఫోటోలు తీసెయ్యమని ఇళ్లలో చెప్పారు. సర్వర్ ఆపేస్తే దొంగ రాడు, నిజమే. సర్వర్ పెట్టుకుంది ఆపెయ్యడానికా? అందుబాటు అనే మూడో మాట మా ఆడపిల్లలకి వర్తించదా?

బుల్లీ బాయి కేసులో అరెస్టయినవాళ్లలో ఇంజనీరింగ్ విద్యార్థులున్నారు. వాళ్ల పేర్లు చూసి వాళ్ల వీధి మొత్తాన్ని ఎవరూ ముప్పు గడిలో రాయలేదు. రాయకూడదు కూడా. మేం అడిగేదీ అదే.

మాకు దయ అక్కర్లేదు. సర్వర్లకి పాటించే నియమం మనుషులకీ పాటించండి. పేరు చూసి కాదు, చేసిన పని చూసి అనుమానించండి. కాపలావాడు ఎప్పుడు ఏ గది తెరిచాడో కూడా లాగ్‌లో నమోదు కావాలని మాకు నేర్పారు. అనుమానించినవాడూ లెక్క చెప్పాలి.

రేపు మీ బ్యాంకు ఖాతాకి రాత్రంతా కాపలా కాసేది మేమే కావచ్చు. అప్పుడు మా పేరు ఏ గడిలో రాస్తారు?