అలుపెరుగని ఆటగాడు

టెన్నిస్ క్రీడలో 40 ఏండ్లు సమీపించునప్పటికి పెక్కుమంది రాకెట్టును ప్రక్కన బెట్టుదురు. కన్నులు చురుకైనవే యైనను కాళ్లు మాట వినవు. అట్టి వయస్సున ఒకే సంవత్సరమున రెండు మహాపోటీలలో తుదియాట వరకు నిలిచిన ధీరుడు కెన్ రోజ్‌వాల్.

రోజ్‌వాల్ 1934వ సంవత్సరము నవంబరు 2వ తేదీన ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరమున జన్మించెను. తండ్రి కిరాణా వర్తకుడు. టెన్నిస్‌నందు మిక్కిలి మక్కువ గలవాడు. బాలునిది ఎడమచేతి వాటమైనను, తండ్రి యతనికి కుడిచేతితో ఆడుట నేర్పెను. పెరిగి పెద్దవాడైన పిదప నతని యెత్తు 5 అడుగుల 7 అంగుళములు మాత్రమే. బక్కపలుచని యతని దేహమును జూచి తోడి యాటగాండ్రు పరిహాసముగా ‘మజిల్స్’, అనగా ‘కండలవాడు’ అని పిలిచెడివారు.

అతని సర్వీసు ప్రత్యర్థులను భయపెట్టునంతటిది కాదు. ఆ లోటును పాదముల చురుకుదనముతోను, బాక్‌హ్యాండ్ నేర్పుతోను పూరించుకొనెను. కుడిచేతితో ఆడువాడు ఎడమప్రక్కకు వచ్చిన బంతిని కొట్టుటను బాక్‌హ్యాండ్ అందురు. రోజ్‌వాల్ బంతి యడుగుభాగమును కోసినట్లు కొట్టగా, అది నేలను తాకి యెత్తుగా లేవక జారిపోయెడిది. పొదుపరి ధనమును వెచ్చించునట్లు అతడు తన శక్తిని ఆచితూచి వెచ్చించెడివాడు.

1953లో, 18 ఏండ్ల ప్రాయముననే, అతడు ఆస్ట్రేలియా, ఫ్రాన్సు దేశముల ఛాంపియన్‌షిప్‌లను గెలుచుకొనెను. 1956లో సిడ్నీవాడే యైన మిత్రుడు ల్యూ హోడ్ ఆ యేటి నాలుగు మహాపోటీలలో మూడింటిని గెలిచి యుండెను. నాలుగవది యగు అమెరికా పోటీ తుదియాటలో హోడ్‌ను నిలువరించినవాడు రోజ్‌వాలే.

పిమ్మట అతడు వృత్తి క్రీడాకారుడయ్యెను. ధనము గైకొని యాడువారికి మహాపోటీలలో ప్రవేశము లేని కాలమది. కావున 1957 మొదలు 1967 వరకు, పదునొకండు సంవత్సరములు, వింబుల్డన్ ద్వారము అతనికి మూతపడెను. ఆటగానికి మేలైన యౌవనమంతయు అట్లు గడచిపోయెను. అయినను అతడు వృత్తి క్రీడాకారులతో దేశదేశములు తిరుగుచు, ఆటకు పదును తగ్గనీయలేదు.

1968లో నియమము మారెను. వృత్తి క్రీడాకారులకు ప్రవేశము లభించిన మొదటి మహాపోటీ ఆ యేటి ఫ్రెంచి పోటీ. అందు రాడ్ లేవర్‌ను ఓడించి రోజ్‌వాల్ విజేతయయ్యెను. 1970లో అమెరికా పోటీని, 1971, 1972 సంవత్సరములలో ఆస్ట్రేలియా పోటీని గెలిచెను. మొత్తము మీద మహాపోటీలలో 8 సింగిల్స్ బిరుదులు అతనివి.

వింబుల్డన్ సింగిల్స్ బిరుదు మాత్ర మతనికి దక్కలేదు. 1954లో డ్రాబ్నీ చేతిలోను, 1956లో హోడ్ చేతిలోను, 1970లో న్యూకోంబ్ చేతిలోను తుదియాటలలో ఓడెను. 1974లో, 39 ఏండ్ల వయస్సున, మరల ప్రయత్నించెను. తుదియాటకు ముందటి యాటలో స్టాన్ స్మిత్‌కు మొదటి రెండు సెట్లను కోల్పోయి, ఇక ఒక్క పాయింటు పోయిన ఓటమి తప్పదను స్థితికి వచ్చెను. అచ్చటినుండి తేరుకొని, మిగిలిన మూడు సెట్లను గెలిచెను. తుదియాటలో 21 ఏండ్ల జిమ్మీ కానర్స్ అతనిని సులభముగా ఓడించెను. ఆ యేడే అమెరికా పోటీ తుదియాటలోను అదియే ఫలితము. అయినను అతడు ఆట మానలేదు. 1977లో, 43 ఏండ్లు నిండిన పిదప, హాంకాంగ్ పోటీలో విజేతగా నిలిచెను.

అతని మొదటి వింబుల్డన్ తుదియాటకును కడపటి దానికిని నడుమ ఇరువది సంవత్సరములు గడచినవి. కోరిన ఫలము నాలుగుమార్లు చేజారినను, ఆ ఫలమునకు తగిన యోగ్యతను అతడు ఇరువదేండ్లు కాపాడుకొనెను. గెలుపు ఒక్కదినపు మాట. యోగ్యతను నిలుపుకొనుట ప్రతిదినపు సాధన. విద్యార్థులు రోజ్‌వాల్‌నుండి నేర్వదగినది ఆ సాధనయే.